రెండు బళ్ళు పట్టే ట్రెయిలర్

మూడోసారి కూడా ట్రెయిలర్ కొనకుండానే తిరిగొస్తామని ఇంట్లో బయలుదేరేటప్పుడే అనుకున్నాను. మా ఆయన జేబులో కాగితం ఉంది. ఆ కాగితం మీద ఇరవై మూడు ప్రశ్నలున్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు తొమ్మిదే ఉండేవి, రెండోసారికి పదహారయ్యాయి. అమ్మేవాడు ఒక ప్రశ్నకి జవాబు చెబితే ఈయన ఇంటికొచ్చి ఆ జవాబుకి రెండు పిల్లల్ని పుట్టించేవాడు. ఆ లెక్కన మా షష్టిపూర్తికి ట్రెయిలర్ ఇంటికొస్తుందని నేనంటే నవ్వలేదు. ఇదివరకైతే నవ్వేవాడు.

మాది బైకుల రిపేరు షాపు. ఉన్నదల్లా ఇద్దరమే. ఇంజన్లు, బ్రేకులు ఆయనవి. పంచర్లు, గొలుసులు, ఆయిల్ మార్చడాలు, చెప్పిన రోజున రాని కస్టమర్ల మీద నోరు పారేసుకోవడాలు నావి. రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళని వెళ్ళి తెచ్చుకోవడం మొదలుపెట్టాక షాపు నిలదొక్కుకుంది. మొదట్లో వ్యాను వెనక చెక్క పలక వేసి, ఆయన కింద నుంచి తోస్తే నేను పైన హ్యాండిల్ పట్టుకుని లాగేదాన్ని. ఎనిమిది నెలల కిందట అలా ఎక్కించిన బండే వెనక్కి జారి ఆయన నడుము మీద పడింది. రెండు నెలలు మంచం మీదున్నాడు. ఇక ఎత్తుకి తోసే పని పెట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని వ్యాను వెనక తగిలించుకునే చిన్న ట్రెయిలర్ కావాలి. కిందకి ఉండాలి, రెండు బళ్ళు పట్టాలి, మేమిద్దరమే ఎక్కించగలగాలి. ఇంతే కావలసింది. ఇందులో ఇరవై మూడు ప్రశ్నలకి చోటెక్కడుందో ఎవరికీ అర్థం కాదు.

నాకు అర్థమవుతుంది. అదే నా బాధ.

బండి జారిన ఆ రోజు సంగతి చెప్పాలంటే మా షాపులో ఒక పద్ధతి గురించి ముందు చెప్పాలి. మా గది ఇరుకు. తొమ్మిది బళ్ళు పెడితే మనిషి నిలబడడానికి చోటుండదు. వెనక బండి బయటికి రావాలంటే ముందువి నాలుగు జరపాలి. అందుకని గడప దాటి లోపలికొచ్చిన ఏ బండినైనా న్యూట్రల్లోనే ఉంచాలి. గేరులో వదిలేస్తే మా ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. పెళ్ళైన కొత్తలో ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. ఇన్నేళ్ళలో అది నా కాళ్ళకి పట్టేసింది. బండి ముట్టుకుంటే చాలు, నేను చెప్పకుండానే నా పాదం వెళ్ళి న్యూట్రల్ చేసేస్తుంది. అయితే వ్యాను ఎక్కిన బండి సంగతి వేరు. దాన్ని కచ్చితంగా గేరులో పెట్టాలి, లేకపోతే దొర్లుతుంది.

ఆ రోజు బండి స్టాండు విరిగిపోయి ఉంది. రోడ్డు ఏటవాలుగా ఉంది, వ్యాను ముక్కు ఎత్తు వైపుంది. బండిని వ్యానులోకి ఎక్కించి గోడకి ఆనించాం. ఆయన ఫస్ట్ గేరు వేశాడు, ముందుకీ వెనక్కీ ఊపి చూసుకున్నాడు, పలక తీయడానికి కిందకి దిగాడు. తలుపు పడదేమోనని నేను బండిని జానెడు ముందుకి జరిపాను. జరపడానికి న్యూట్రల్ చేశాను. మళ్ళీ గేరు వెయ్యలేదు. పట్టీలు తేవడానికి పక్క తలుపు నుంచి దిగాను. అంతలోనే చప్పుడు వినిపించింది.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటి మాట, "గేరు వెయ్యడం మర్చిపోయాను" అని.

కాదు, నా పని అది అని అప్పుడే చెప్పాల్సింది. నొప్పితో ఉన్న మనిషికి ఇప్పుడెందుకులే అనుకున్నాను. కట్లు విప్పాక చెబుదామనుకున్నాను. కట్లు విప్పారు. లేచి నడిచాక చెబుదామనుకున్నాను. నడిచాడు. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాను. నేను పిరికిదాన్నని నాకు అంతకుముందు తెలీదు.

అది మామూలు మతిమరుపుగా పోయుంటే ఇంత భయపడేదాన్ని కాదు. మా మామగారు యాభై రెండో ఏట మర్చిపోవడం మొదలుపెట్టారు. మొదట పాలగిన్నె పొయ్యి మీద వదిలేశారు, తర్వాత ఇంటి తాళం, ఆ తర్వాత సొంత వీధి. చివరి రెండేళ్ళు మా అత్తగారిని చూసి, ఈవిడ ఎవరో చాలా మంచావిడ, జీతం సరిగ్గా ఇస్తున్నారా అని మా ఆయన్ని అడిగేవారు. మా ఆయనకి ఇప్పుడు యాభై ఒకటి. గేరు సంగతి విన్నప్పుడు మా అత్తగారి మొహంలో రక్తం లేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే కొడుకుని కూర్చోబెట్టి రాత్రి ఏం తిన్నావురా, మొన్న ఎవరొచ్చారురా అని అడుగుతోంది. ఏదో కబుర్లాడుతున్నట్టు అడుగుతుంది. ఆయనా ఏదో కబుర్లు చెబుతున్నట్టు జవాబిస్తాడు. ఇద్దరికీ అది పరీక్ష అని తెలుసు. గిన్నెలు తోముతూ నేను వింటుంటాను.

ఇక షాపులో చూడాలి. ఒక్క చూపుతో నట్టు ఎంత బిగిసిందో చెప్పే మనిషి, బిగించినదాన్నే మూడుసార్లు బిగించడం మొదలుపెట్టాడు. గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాడు. బ్రేకుల పని వస్తే ఎదురుగా ఉన్న టైర్ల షాపతని దగ్గరికి పంపేస్తున్నాడు. ఒకరి ప్రాణం నా మతి మీద వేలాడకూడదు అంటాడు. అది విన్నప్పుడల్లా చేతిలో ఉన్న పంచరు ట్యూబుని మళ్ళీ నీళ్ళలో ముంచి చూస్తాను. నోరు మాత్రం తెరవలేదు. ఎందుకు తెరవలేదంటే ఏం చెప్పను, ఎనిమిది నెలలు ఎందుకు ఊరుకున్నావని అడుగుతాడన్న భయం.

ట్రెయిలర్లు అమ్మే యార్డులోకి మేం వెళ్ళేసరికి అమ్మేవాడు ఒక చట్రానికి ఎర్ర రంగు కొడుతున్నాడు. ఏది అడిగినా గ్యారంటీ అంటాడని నేనతనికి గ్యారంటీ అనే పేరు పెట్టుకున్నాను. మమ్మల్ని చూడగానే బ్రష్ డబ్బాలో పెట్టి, "రండి వదినా, అన్నని ఈసారి ఒట్టి చేతుల్తో పంపను" అన్నాడు. పాపం అతనికి ఓపిక ఎక్కువ.

మా పనికి పనికొచ్చేవి మూడే ఉన్నాయి. మొదటిదానికి చుట్టూ నడుమెత్తు జాలీ, వెనక మడత ర్యాంపు. మట్టి, సోఫాలు, మేకలు ఏవైనా తోలుకోవచ్చట. కానీ బండికి పట్టీలు కట్టాలంటే జాలీ దాటి లోపలికి ఎక్కి, ఇరుకులో వంగాలి. ఆయన నడుముకి అది పడదు. రెండోది ఉత్త రెండు పట్టాలూ రెండు చక్రాలూ. తేలిక, చవక. కానీ కాలు జారితే నిలదొక్కుకోవడానికి నేలే లేదు. మూడోది వంగేది. ముందున్న లావుపాటి పిన్ను తీస్తే పలక మొత్తం వెనక్కి వంగి నేలకి ఆనుతుంది. బండిని సమతలం మీద తోసినట్టే తోసుకుంటూ పోవచ్చు. బండి బరువు ఇరుసు దాటగానే పలక తనంతట తనే లేచి యథాస్థానంలో కూర్చుంటుంది. పిన్ను పెట్టేస్తే సరి. ముందు చక్రం ఇరుక్కోవడానికి రెండు ఇనుప దొప్పలు కూడా ఉన్నాయి. బండి కింద మనిషి నిలబడాల్సిన అవసరమే రాదు. మొదటిసారి చూసినప్పుడే అది మనదే అని నాకు తెలిసిపోయింది.

మా ఆయన దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. స్ప్రింగులు తట్టాడు, ఇరుసు కింద పడుకుని చూశాడు, టైర్ల మీద అంకెలు చదివాడు. తర్వాత పిన్ను దగ్గర ఆగి అడిగాడు, ఇది పెట్టడం మర్చిపోతే ఏమవుతుందని. పిన్నుకి ఎర్ర గుడ్డ కట్టుకోమన్నాడు గ్యారంటీ. గుడ్డ చూడడం మర్చిపోతే అన్నాడు ఈయన. మొదటిసారి, రెండోసారి కూడా ఇక్కడే ఆగింది వ్యవహారం. హుక్కు గొళ్ళెం వెయ్యడం మర్చిపోతే, లైట్ల వైరు గుచ్చడం మర్చిపోతే, చక్రాల బోల్టులు చూడడం మర్చిపోతే. లోకంలో మర్చిపోవడానికి వీల్లేని ట్రెయిలర్ కోసం వెతుకుతున్నాడు ఈయన. అలాంటిది ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

ఎక్కించి చూస్తేగాని తెలీదని గ్యారంటీ తన సొంత బండి తెచ్చాడు. ఎలాగూ అది సర్వీసుకి వచ్చిందని, బేరం కుదిరితే ట్రెయిలర్ మీదే మా షాపుకి పంపిస్తానని అన్నాడు. నేను పిన్ను తీశాను. నేనూ ఆయనా చెరోపక్క పట్టుకుని బండి తోశాం. పలక మెల్లగా లేచి కూర్చుంది. ఆయనకి మూలుగైనా రాలేదు. నా ప్రాణం కుదుటపడింది. ఆయన గేరు వేసి, పట్టీలు కట్టి దిగాడు. దిగి మళ్ళీ ఎక్కి గేరు చూశాడు. దిగాడు. పట్టీలు లాగి చూశాడు. మళ్ళీ గేరు చూశాడు. గ్యారంటీ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

కిందకి దిగి ఆయన కాగితం తీశాడు. రెండు బళ్ళు ఎక్కించినప్పుడు బరువు ముందుకెంత ఉండాలి, వెనక బరువెక్కువైతే దారిలో ట్రెయిలర్ ఊగదా అని అడిగాడు. మంచి ప్రశ్నే. గ్యారంటీ నవ్వుతూ, "అన్నా, ఇందాకే అడిగావు కదా ఇది. ముందుకి కొంచెం ఎక్కువ ఉండాలని చెప్పాను, రాసుకున్నావు కూడా" అన్నాడు.

ఆయన కాగితం చూసుకున్నాడు. నిజంగానే రాసి ఉంది, ఆయన అక్షరాలే. ఎవరికైనా జరిగేదే అది. ఇరవై మూడు ప్రశ్నలు మోసుకుతిరిగేవాడు ఒకటి రెండుసార్లు అడక్కపోతేనే వింత. కానీ ఆయన మొహం పాలిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పట్టీలు విప్పెయ్యమని గ్యారంటీకి మెల్లగా చెప్పాడు. తర్వాత నన్ను పక్కకి, వెల్డింగ్ రేకుల వెనక్కి పిలిచాడు.

"వద్దులే. షాపు టైర్లతనికి అప్పజెప్పేద్దాం. నిన్న మాట్లాడాను అతనితో. నువ్వు కావాలంటే అక్కడే పని చేసుకోవచ్చు. నా వల్ల ఎవడైనా చావకముందే ఆపెయ్యడం మంచిది."

నాతో ఒక్క మాట అనకుండా నిన్న మాట్లాడొచ్చాడు. ఒళ్ళు మండింది. ఆ మంట నా మీదకే తిరిగింది. ఆ షాపు ఆయన చేతులతో కట్టింది. ఆ చేతులకి ఏ రోగమూ లేదు. అది తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే, ఎనిమిది నెలలుగా గుట్టుగా దాచుకుని కూర్చున్నాను. ఇంక ఒక్క రోజు ఊరుకున్నా ఆయన నిజంగానే మంచం పడతాడు, రోగం లేకుండానే.

"ఆ రోజు గేరు మీరు వేశారు" అన్నాను.

ఆయన నా వంక చూశాడు.

"ఫస్ట్ గేరు వేసి ఊపి కూడా చూశారు. తలుపు పడదని నేనే జానెడు జరిపాను. న్యూట్రల్ చేసింది నేను. మళ్ళీ వెయ్యలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా భుజం తట్టాడు. "నువ్విలాంటివి చెబుతావని నాకు తెలుసు. నన్ను ఓదార్చడానికి ఇప్పుడు ఆ పాపం నీ నెత్తినేసుకోకు" అన్నాడు.

కోప్పడతాడేమో, తిడతాడేమో అని ఎన్ని రాత్రులు భయపడ్డానో. నమ్మడేమోనన్న ఆలోచన మాత్రం ఒక్కసారీ రాలేదు. నిజాన్ని అంతకాలం నిలవ ఉంచితే అది అబద్ధం వాసన కొడుతుంది కాబోలు. ఏం చూపించను? అక్కడ మూడో మనిషి లేడు. అప్పుడు నా కాలి వంక చూసుకున్నాను.

"నా బొటనవేలి గోరు ఊడింది గుర్తుందా?"

"ఆస్పత్రిలో చూశాను. రక్తం కారుతోంది. వ్యాను తలుపు పడిందన్నావు."

"తలుపు పడలేదు. ఆ బండి మనం తేకముందే రోడ్డు మీద పడ్డప్పుడు గేరు లివరు లోపలికి వంగిపోయింది. న్యూట్రల్ చెయ్యడానికి చెప్పులున్న కాలితో పైకెత్తితే వేలు ఇరుక్కుని గోరు లేచింది. తర్వాత మంచం దిగి ఆ లివరు వంకర తీసింది మీరే. దానికి అంటిన రక్తం మీదే అనుకున్నారు. మీకు తగిలింది నడుముకి. గేరు వైపు మీరసలు పడనే లేదు."

రేకుల అవతల గ్యారంటీ మళ్ళీ రంగు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆ రోజుని ఒక్కో నట్టూ విప్పినట్టు విప్పి చూస్తున్నాడని నాకు తెలుసు. గోరు, చెప్పు, లివరు, వంకర తీస్తుంటే అంటిన ఎండు రక్తం. అన్నీ ఆయనకి గుర్తున్నాయి. ఎప్పుడూ గుర్తున్నాయి.

"ఎనిమిది నెలలు" అన్నాడు.

"అవును."

"పొద్దున్నే అమ్మ నన్ను కూర్చోబెట్టి అడుగుతుంటే పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

ఆయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో చిన్న కాగితం ఉంది. దాని మీద మా ఇంటి నంబరు, వీధి, నా ఫోన్ నంబరు, కింద "ఈమె నా భార్య" అని రాసి ఉన్నాయి. దారి మర్చిపోతే ఎవరికైనా చూపిద్దామని రాసుకున్నానన్నాడు. మూడు నెలల నుంచి అది లేకుండా గడప దాటలేదట. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

క్షమించమని అడిగాను. అడిగినట్టు నాకే వినపడలేదు, మళ్ళీ అడిగాను. ఆయన రేకులు దాటుకుని గ్యారంటీ దగ్గరికి వెళ్ళాడు.

ఆ తర్వాత పావుగంటలో అయిపోయింది వ్యవహారం. వంగేదే కావాలన్నాడు. ఇరవై మూడు ప్రశ్నల కాగితం బయటికే రాలేదు. పిన్ను సన్నంగా ఉంది, ఇంకో రకం పిన్ను వెయ్యమన్నాడు. ఎడమ టైరు పాతది, మార్చమన్నాడు. లైటు వైరు వేలాడుతోంది, కట్టమన్నాడు. ఒక్కొక్క మాటా నట్టు బిగించినట్టు బిగుసుకుంది. గ్యారంటీ గ్యారంటీ అనడం మానేసి చెప్పినవన్నీ చేశాడు. వ్యాను వెనక్కి తెచ్చి ట్రెయిలర్ తగిలించింది ఆయనే. గొళ్ళెం ఒక్కసారి వేశాడు, ఒక్కసారి తట్టాడు, వదిలేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నా పాత మొగుడు తిరిగొచ్చాడు. నాతో మాత్రం మాట్లాడటం లేదు.

గ్యారంటీ బండిని మళ్ళీ తోశాం. పలక లేచి కూర్చుంది, పిన్ను పెట్టాం. ఆయన కుడివైపు ఉన్నాడు, నేను ఎడమవైపు ఉన్నాను. గేరు లివరు నా వైపే ఉంది. నా పాదం దాని మీదకి వెళ్ళింది. ఈసారి పాదాన్ని ఆపి, ఆలోచించి, కిందకి నొక్కాను. ఫస్ట్ గేరు పడింది. ఊపి చూశాను, కదల్లేదు. ఆయన తన వైపు పట్టీలు లాగి ముడివేశాడు. చివరలు దోపాడు. రెండోసారి వాటి వంక చూడలేదు. చేతులు దులుపుకున్నాడు.

తర్వాత ట్రెయిలర్ చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు.

"వేశాను" అన్నాను.

"చూశాను" అన్నాడు. అయినా వంగి లివరు మీద చెయ్యి వేసి నొక్కాడు, బండిని ముందుకీ వెనక్కీ ఊపాడు, మళ్ళీ నొక్కాడు.

నేను పక్కకి తప్పుకుని చోటిచ్చాను.